ఐపీ వారి మనవరాలు

మా అమ్మకు వచ్చిన సంబంధాల్లో మూడు ఒకే మాట మీద వెనక్కిపోయాయి. అమ్మ చదువుకుంది, కళగల మొహం, పనిమంతురాలు. కట్నం దగ్గర పేచీ రాలేదు. కాకపోతే పెళ్లిచూపులయ్యాక మగపెళ్లివాళ్లు ఊళ్లో ఎవరినో ఒకరిని వాకబు చేసేవారు. "ఎవరూ, ఆ ఐపీ వారమ్మాయా?" అని జవాబు వచ్చేది. అంతటితో కబుర్లు ఆగిపోయేవి.

తాతయ్య గుంటూరు జిల్లాలో పొగాకు కొని అమ్మేవాడు. రెండేళ్లు వరసగా నష్టం వచ్చి 1966లో కోర్టులో ఐపీ దాఖలు చేశాడు. అమ్మకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఆమె పెళ్లీడుకొచ్చేసరికి ఆరేళ్లు గడిచాయి. అయినా ఊరు మరిచిపోలేదు.

ఈ సంగతి చిన్నప్పటినుంచీ వింటున్నదే, పాతకాలం కథలే అనుకునేదాన్ని. నిరుడు మా అమ్మాయి చదువు లోను కోసం బ్యాంకుకు వెళ్లాం. మావారి పేరు మీద పాత వ్యాపారం లోను తాలూకు మచ్చ ఉందని తెలుసు కాబట్టి, సహ రుణగ్రహీతగా నా పేరు పెట్టాం. ఆఫీసరు కంప్యూటరు వంక చూసి, "మీ పేరు మీద కూడా సెటిల్డ్ అని ఉందమ్మా, కష్టం" అన్నాడు. పక్కన మా అమ్మాయి నిలబడి ఉంది. ఆ క్షణంలో నాకు బ్యాంకు కనపడలేదు. పెళ్లిచూపులకి కట్టుకున్న చీర మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంటున్న మా అమ్మ కనిపించింది.

ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. అప్పు తీర్చలేకపోయినవాళ్ల పేర్లు మనుషులు ఎక్కడెక్కడ రాసిపెట్టారు? ఆ రాత చెరిగే దారి ఉండేదా? ఖాళీ దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. చదివింది మీతో చెప్పుకోవాలనిపించింది.

మన మోటుపల్లి రేవు గురించి, అక్కడి సన్నని బట్టల గురించి రాసిన మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో తమిళ తీరం కూడా చూశాడు. అక్కడొక ఆచారం గురించి రాశాడు. ఎన్నిసార్లు అడిగినా బాకీ తీర్చనివాడి చుట్టూ అప్పిచ్చినవాడు నేల మీద గీత గీస్తాడు. బాకీ తీర్చేదాకానో, తగిన పూచీ ఇచ్చేదాకానో ఆ గీత దాటకూడదు. దాటితే పెద్ద నేరం. ఒకసారి సాక్షాత్తూ రాజే ఒక విదేశీ వర్తకుడికి బాకీ పడి వాయిదాలు వేస్తుంటే, ఆ వర్తకుడు అదను చూసి గుర్రం మీద వెళుతున్న రాజు చుట్టూ గీత గీసేశాడట. రాజు గుర్రాన్ని ఆపి, వర్తకుడికి సమాధానం చెప్పుకున్నాకే కదిలాడట. నాకు ఇందులో నచ్చింది రాజు నిజాయితీ ఒక్కటే కాదు. బాకీ తీరాక ఆ గీత మీద కాలు పెట్టి నడిచిపోవచ్చు. మర్నాటికి గాలికి చెరిగిపోతుంది.

తెలుగులో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. చేతులెత్తేశాడు, బోర్డు తిప్పేశాడు, దివాలా తీశాడు. దివాలా అనే మాట మనకు ఉత్తరాది నుంచి వచ్చింది. చేతులెత్తేసిన వర్తకుడు పట్టపగలే కొట్లో దీపం వెలిగించేవాడనీ, 'దియా' నుంచే దివాలా వచ్చిందనీ చెబుతారు. ఆ దీపం చూసి అప్పులవాళ్లు సంగతి గ్రహించేవారన్నమాట. నిజమో కాదో గానీ, మంచి కథ. వీటన్నిటికంటే మన జిల్లాల్లో బాగా నాటుకుపోయింది మాత్రం 'ఐపీ పెట్టడం'. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటలోని రెండక్షరాలు. ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మలు కూడా "వాడు ఐపీ పెట్టాడంట" అంటారు. ఒక చట్టం పేరు ఇంతగా ఇంటిభాషలో కలిసిపోయిందంటే ఎన్ని ఇళ్లు దాన్ని చూసి ఉండాలి!

1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయింది. దొరల కంపెనీ, వందేళ్ల పేరు, డబ్బుకు ఢోకా లేదని వేలమంది దాచుకున్నారు. అంతా పోయింది. యజమాని సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. మనవాళ్ల డబ్బు మనవాళ్ల చేతిలోనే ఉండాలని వి. కృష్ణస్వామి అయ్యర్ పూనుకోగా 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. ఆ 1907లోనే ప్రెసిడెన్సీ నగరాల బయట ఉన్న జిల్లాలకు ఒక దివాలా చట్టం వచ్చింది. దాన్ని మార్చి 1920లో తెచ్చినదే ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. మా తాతయ్య పెట్టిన ఐపీ దాని కిందే. విచిత్రమేమిటంటే, 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, మామూలు మనుషులకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కంపెనీల అప్పులకు సొంతంగా పూచీ ఉన్నవాళ్లకు మాత్రం 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. మిగతావాళ్లకు నేటికీ ఆ వందేళ్ల నాటి చట్టమే గతి.

ఆ చట్టం చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. అప్పు 500 రూపాయలకు తగ్గకుండా ఉండి, తీర్చలేనివాడు కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికి పోతుంది. అప్పులవాళ్లందరికీ వంతులవారీగా పంచుతారు. పేరు, చిరునామా గెజిట్‌లో అచ్చవుతాయి. ఆ తర్వాత 50 రూపాయలు, ఆ పైన ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నా, "నేను దివాలాదారుని" అని ముందే చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. పంచాయతీకి, మున్సిపాలిటీకి పోటీ చేయడానికి లేదు. ఇవాళ కంప్యూటరులో కనపడే రిపోర్టు అప్పట్లో మనిషి తన నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చేదన్నమాట.

ఇక మనకు, అంటే ఆడవాళ్లకు, సంబంధించిన సంగతులు. సివిల్ ప్రొసీజరు కోడ్ ప్రకారం డబ్బు బాకీ డిక్రీ కోసం ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. మగవాళ్లను సివిల్ జైల్లో పెట్టించాలంటే అప్పిచ్చినవాడే వాళ్ల తిండికి బత్తా కట్టాలి. ఇల్లు జప్తుకు వచ్చినా ఒంటిమీద బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదు. ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి నుంచి తీయకూడని నగలు కూడా జప్తు చేయకూడదు. మంగళసూత్రం జోలికి రాకూడదని చట్టంలోనే రాసి ఉందని నాకు నిరుటిదాకా తెలియదు. ఐపీ కేసులకూ ఈ మినహాయింపులు వర్తిస్తాయి. అయితే రెండో వైపు కూడా ఉంది. "ఆస్తంతా పెళ్లాం పేర రాసి ఐపీ పెట్టాడు" అనే మాట మనం వింటుంటాం. ఐపీకి ముందు రెండేళ్ల లోపల అలా ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు.

ఐపీ నోటీసు అందుకున్న ఇళ్లవాళ్లకు ఈ వ్యాసం రుచించకపోవచ్చు. పిల్ల పెళ్లికని దాచిన డబ్బు వడ్డీకిచ్చి, చివరికి లాయరు పంపిన కాగితం ఒకటి చేతిలో పట్టుకుని ఏడ్చినవాళ్లు నాకూ తెలుసు. ఎగ్గొట్టడానికే ఐపీ పెట్టేవాళ్లున్నారు. అందుకే ఆ చట్టం రాసినవాళ్లు మోసగాణ్ణీ దురదృష్టవంతుణ్ణీ ఒకే గాటన కట్టలేదు. దివాలా తీసినవాడు కోర్టు చెప్పిన గడువులోగా మళ్లీ వచ్చి, "నన్ను విడుదల చేయండి" అని అడగాలి. కోర్టు అతని నడవడి విచారించి విడుదల ఇస్తుంది. ఇతని పతనం తన తప్పు వల్ల కాక దురదృష్టం వల్ల జరిగిందని సర్టిఫికెట్ కూడా ఇవ్వవచ్చు. అది ఉంటే పోటీకి అనర్హత కూడా పోతుంది. పేరు అచ్చయిన గెజిట్ ప్రకటనలోనే ఆ గడువు ఎంతో కూడా వేయాలని చట్టం చెప్పింది. అంటే పడిపోయిన సంగతి, లేవడానికి గడువు, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

మా తాతయ్య ఆ రెండోది చదవలేదు.

కోర్టు మెట్లెక్కిన రోజు నుంచి ఆయన ఊళ్లో పగలు బయటికి రావడం మానేశాడట. పొలానికి తెల్లవారకముందే వెళ్లి, చీకటి పడ్డాక వచ్చేవాడట. విడుదల కోసం మళ్లీ కోర్టుకు వెళ్లమని మా మామయ్య ఎంత చెప్పినా, "ఆ గుమ్మం మళ్లీ తొక్కలేను రా" అన్నాడట. గడువు దాటిపోయింది. అడగనివాడి ఐపీని చట్టం ప్రకారం కోర్టు రద్దు చేస్తుంది. చేసింది. దాంతో అప్పులవాళ్లు ఎవరికి వారు మళ్లీ దావాలు వేసుకునే హక్కు వచ్చింది. ఐపీ వల్ల వచ్చిన చెడ్డపేరు మిగిలింది, రక్షణ పోయింది. పెంకుటిల్లు అమ్మాల్సి వచ్చింది. సిగ్గు వల్ల మా ఇంటికి జరిగిన నష్టం పొగాకు వల్ల జరిగినదానికంటే ఎక్కువ.

దస్తావేజుల్లో అమ్మమ్మ పేరు ఎక్కడా లేదు. అప్పట్లో అప్పు, ఆస్తి, నింద అన్నీ మగవాళ్ల పేరునే ఉండేవి. భారం మోయడానికి మాత్రం ఇంట్లో వాళ్లందరూ కావాలి. కొడుకు తండ్రి అప్పు తీర్చి తీరాలన్న పాత ధర్మశాస్త్రపు నియమం కూడా 2005లో హిందూ వారసత్వ చట్టం సవరించేదాకా ఏదో ఒక రూపంలో కోర్టుల్లో నడిచింది.

ఆడవాళ్ల పేరు అప్పు కాగితం మీదికి పెద్ద ఎత్తున వచ్చింది డ్వాక్రా సంఘాలతోనే అనుకుంటాను. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం తర్వాత మన రాష్ట్రంలో పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. రోజుకు రూపాయి దాచడంతో మొదలుపెట్టి, సంతకం నేర్చుకుని, బ్యాంకు మెట్లెక్కారు. తర్వాత మైక్రోఫైనాన్స్ సంస్థలు వారం వారం వసూళ్లతో ఇళ్ల ముందుకొచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకొకటి, దానికి మరొకటి. వేధింపులు, ఆత్మహత్యలు పేపర్లకెక్కాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. కట్టక్కర్లేదని ఊళ్లో చెప్పుకుంటే చాలామంది నమ్మారు. ఆ మరుసటి ఏడాది ఈ సంస్థలన్నీ క్రెడిట్ బ్యూరోలో సభ్యులుగా చేరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆగిపోయిన వాయిదా ఊళ్లో ఎవరికీ గుర్తులేకపోవచ్చు, బ్యూరో పద్దులో మాత్రం ఉండిపోతుంది.

ఈ బ్యూరోల కథ కూడా మరీ పాతదేమీ కాదు. సిబిల్ 2000లో ఏర్పడింది. క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 2005లో వచ్చింది. ఇప్పుడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగున్నాయి. మన దేశంలో ఆ రిపోర్టులో ఎక్కువగా దెబ్బతీసేవి రెండు మాటలు. 'రిటెన్ ఆఫ్' అంటే రాదని బ్యాంకు పద్దుల్లో తీసేసిన బాకీ. 'సెటిల్డ్' అంటే ఉన్న బాకీలో కొంత తీసుకుని మిగతాది వదిలేసిన ఖాతా. పూర్తిగా తీరినదైతే 'క్లోజ్డ్' అని ఉంటుంది. సెటిల్డ్ అంటే తీరిపోయిందని నేను ఆరేళ్లు హాయిగా నిద్రపోయాను. బ్యాంకువాళ్ల లెక్కలో ఆ మాటకు సగం ఎగ్గొట్టారని అర్థం.

మావారి ప్రింటింగ్ ప్రెస్సు కోసం 2014లో లోను తీసుకున్నప్పుడు నేనూ సంతకం పెట్టాను. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తే పెట్టేశాను. ప్రెస్సు మూతపడింది. 2018లో బ్యాంకుతో మాట్లాడుకుని, ఒకేసారి కొంత కట్టి ఒడ్డున పడ్డాం. ఆ రోజు ఇంటికొచ్చి పాయసం వండాను కూడా. మిగిలిన లక్షా ముప్పై వేలు మాఫీ అయ్యాయనుకున్నాం. మా తాతయ్యలాగే కాగితంలో రెండో సగం చదవలేదు.

నిరుడు బ్యాంకు నుంచి వచ్చిన రాత్రి మావారు, "నా వల్లే నీ పేరు పోయింది" అని తలదించుకున్నారు. ఆయన భోజనానికి లేవలేదు. తాతయ్య పగలు బయటికి రావడం మానేశాడన్న మాట గుర్తొచ్చి భయమేసింది. "రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్దాం, ఆ గుమ్మమే తొక్కుదాం" అన్నాను.

ముందు నా రిపోర్టు నేనే తెప్పించుకున్నాను. ప్రతి బ్యూరో ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తర్వాత పాత బ్యాంకుకు వెళ్లి వదిలేసిన మొత్తం కట్టేస్తామని రాసిచ్చాం. నా గొలుసు, గాజులు పోయాయి. తాళి పోలేదు, అది చట్టం మాట! బాకీ ఏమీ లేదని ఉత్తరం, ఖాతాను క్లోజ్డ్ అని మారుస్తామన్న మాట రెండూ కాగితం మీద తీసుకున్నాకే డబ్బు కట్టాం. నెల దాటినా రిపోర్టు మారలేదు. బ్యాంకుకు, బ్యూరోకు ఫిర్యాదు రాశాను. 30 రోజుల్లో సరిదిద్దకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి ఫిర్యాదులో ఒక్క వాక్యం రాశాను. మూడు వారాల్లో మారింది. మారకపోయుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసేదాన్ని. 2022 నుంచి బ్యూరోల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు.

మాట మారినంత మాత్రాన అంతా తుడిచిపెట్టుకుపోదు. ఆలస్యంగా కట్టిన నెలలు రిపోర్టులో కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పైగా ఈ సమాచారాన్ని బ్యూరోలు కనీసం ఏడేళ్లు దాచాలి. అమెరికాలో ఉండే మన పిల్లలకు ఇంకో లెక్క. అక్కడ దివాలా తీసిన సంగతి రిపోర్టులో పదేళ్లకు మించి ఉంచకూడదని చట్టం. ఎక్కడైనా సరే, స్కోరు ఒక్కరోజులో లేవదు. చిన్న అప్పు తీసుకుని, గడువు తప్పకుండా కడుతూ పోవడమే దానికి మందు. "డబ్బిస్తే మచ్చ తీసేస్తాం" అని ఫోన్లు చేసేవాళ్లను నమ్మకండి. నిజమైన రాతను వాళ్లు తీయలేరు. తప్పు రాతను మనమే ఉచితంగా తీయించుకోవచ్చు.

మా అమ్మాయి మొదటి ఏడాది ఫీజు అక్కడా ఇక్కడా సర్దాం. రెండో ఏడాదికి లోను మంజూరైంది. మళ్లీ నేనే సంతకం పెట్టాను. ఈసారి ప్రతి పేజీ చదివి పెట్టాను. ఆఫీసరు విసుక్కున్నాడు, ఫర్వాలేదు.

లోను వచ్చిన సంగతి చెబుదామని అమ్మ దగ్గరికి వెళ్లాను. అంతా విని లోపలికి వెళ్లి, పాత ట్రంకుపెట్టెలోంచి ఒక పద్దుల పుస్తకం తెచ్చింది. అమ్మమ్మది. ఇల్లు అమ్మి పెద్ద అప్పులు తీర్చాక, కోర్టుకు వెళ్లే స్తోమతు లేని చిన్నవాళ్ల బాకీలు అమ్మమ్మ రాసుకుందట. పాలు పోసే ఆవిడ, చాకలి, పొగాకు గుచ్చిన కూలీలు. ఒక్కొక్కరి పేరు ఎదురుగా రూపాయలు, అణాలు. గేదె పాలమ్మి, విస్తళ్లు కుట్టి కొంచెం కొంచెంగా ఇచ్చింది. తీరిన పేరు పక్కన 'ముట్టింది' అని రాయించుకుని వేలిముద్రో సంతకమో వేయించుకుంది. చివరి వేలిముద్ర 1979 నాటిది, నేను పుట్టిన ఏడాది.

"మరి ఇది ఊళ్లో ఎవరికీ చూపించలేదా?" అని అడిగాను.

"ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు" అంది అమ్మ.

ఆ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉంది. నా క్లోజ్డ్ కాగితం కూడా అందులోనే పెట్టాను.